కొండవైపు నుంచి లింబాద్రి బౌలింగ్

లింబాద్రి కుడిచేతి వేళ్ళ సందులో ఒక పాము పడుకుని ఉంటుందని మస్కట్‌లోని ఘుబ్రా వాదీలో క్రికెట్ ఆడే తెలుగువాళ్ళంతా నమ్ముతారు. వారమంతా తాపీ కింద నిద్రపోయే ఆ పాము శుక్రవారం పొద్దున్నే లేస్తుంది. ఎర్ర టేపు చుట్టిన టెన్నిస్ బంతిలోకి దూరుతుంది. బంతి ఆఫ్ స్టంపుకు జానెడు అవతల నేలను తాకి, ఇంట్లో ఏదో మరిచిపోయి వచ్చిన మనిషిలా చటుక్కున లోపలికి మళ్ళి, మధ్య వికెట్‌ను ఎగరగొడుతుంది. బ్యాట్స్‌మన్ ముందు బ్యాటు వంక చూసుకుంటాడు, తరవాత ఆకాశం వంక. దాని పేరు పాముబంతి.

వాదీ అంటే నీళ్ళు లేని ఏరు. ఎప్పుడో వాన పడ్డప్పుడు మాత్రమే తాను ఏరునన్న సంగతి దానికి గుర్తొస్తుంది. మిగతా రోజులన్నీ గులకరాళ్ళు పరుచుకుని ఎండలో పడుకుంటుంది. ఒక పక్క గోధుమరంగు కొండలు, ఎవరో పిడికిట నలిపి విసిరేసిన కాగితాల్లా. మరో పక్క తెల్లటి ఇళ్ళు, వాటి వెనక కంటికి కనబడకుండా గాలిలో మాత్రమే తెలిసే సముద్రం. మధ్యలో ఒక కాంక్రీటు పలక. లింబాద్రి జీవితంలో సగం ఆ పలక మీద గడిచింది. తక్కిన సగం పరాయి గోడలకు ప్లాస్టరింగ్ చేయడంలో గడిచింది.

జగిత్యాల పక్క పల్లె నుంచి, మీసాలు సరిగ్గా రాని వయసులో మేస్త్రి వీసా మీద వచ్చాడు. ఇప్పుడు ఆ మీసాలు తెల్లబడ్డాయి. ముసలి మేస్త్రీలు నిచ్చెన నెమ్మదిగా ఎక్కుతారన్న సంగతి కంపెనీకి ఈ మధ్యే తట్టింది. ఇక వీసా రెన్యూ కుదరదని చెప్పేసింది. శనివారం విమానం. ఇన్నేళ్ళూ కట్టిన ఇళ్ళల్లో ఒక్కదాని మీదా అతని పేరు లేదు. పేరంటూ ఉన్నది ఆ బంతికే. ఊరికి పట్టుకుపోవడానికి అతనికున్న విలువైన సామాను అదొక్కటే. దాన్ని ఎయిర్‌పోర్టులో ఎవరూ తూకం వెయ్యరు.

ఒక బౌలర్ ఎంత గొప్పవాడో అతని చుట్టూ నిలబడ్డ ఫీల్డర్లను బట్టి చెప్పాలంటే, లింబాద్రిని మించినవాడు గల్ఫ్‌లోనే లేడు. మిడాన్‌లో నిలబడిన గణపతి చేతికొచ్చిన క్యాచ్ ఏనాడూ తాను పట్టలేదు. "నీదే, నీదే" అని పక్కవాడికి అప్పగించేవాడు. ఆ నేర్పుతోనే లేబర్ సప్లై కంపెనీ పెట్టాడు. పని పక్కవాడిది, కంపెనీ తనది. ఇప్పుడు నల్ల ల్యాండ్ క్రూయిజర్‌లో తిరుగుతున్నాడు. స్లిప్‌లో నిలబడిన దేవదాసు మ్యాచ్ మొదలయ్యాక వచ్చి, ఫోటో అయ్యాక వెళ్ళేవాడు. ప్రస్తుతం తెలుగు సేవా సమితి అధ్యక్షుడు. అందరికన్నా దూరంగా బౌండరీ మీద నిలబడి "పట్టుర, ఉరుకుర, ఎయ్యిర" అని అందరికీ పనులు పురమాయించిన ఆంజి, ఊరికి పోయి సర్పంచ్ అయ్యాడు. థర్డ్‌మ్యాన్‌లో నిలువుకాళ్ళ మీద కునికిన ఒకాయన యూట్యూబ్‌లో జాతకాలు చెబుతున్నాడు. కళ్ళు మూసుకుని చూడడం ఆయనకు ఆ ఎండలోనే అలవాటైందంటారు.

ఏమీ కానివాడు ఒక్కడే, వికెట్ల వెనక కూర్చునే మనోహరం. తెనాలి వైపు మనిషి. ఆస్పత్రిలో నర్సుగా వచ్చాడు, నర్సుగానే ఉన్నాడు. ఆదివారం తప్ప దేవుణ్ణి, శుక్రవారం తప్ప లింబాద్రిని ఇబ్బంది పెట్టడు.

పాముబంతి రహస్యం మీద ఈ గొప్పవాళ్ళందరికీ తలో సిద్ధాంతం ఉంది. సైట్‌లో పైపు పడి లింబాద్రి చూపుడువేలు వంకరపోయింది, ఆ వంకరే బంతికి అంటుకుందని గణపతి అంటాడు. అదంతా సముద్రపు గాలి అని దేవదాసు. ధర్మపురి నరసింహస్వామి మొక్కు అని ఆంజి. రాహువు అని యూట్యూబ్ ఆయన. లింబాద్రి మాత్రం ఏమీ అనడు. ఎప్పుడూ కొండవైపు నుంచే బౌలింగ్ చేస్తాడు. సముద్రం వైపు నుంచి ఎందుకు వెయ్యవని అడిగితే, "అటుదిక్కుకెల్లి కండ్లల్ల ఎండ కొడ్తదన్నా" అంటాడు. మబ్బు పట్టిన ఒక రోజున అడిగినా అదే మాట చెప్పాడు. పేరున్న మనిషి ఎండ ఉందంటే ఉన్నట్టే కదా అని అందరూ కళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నారు.

నిజం కాంక్రీటులో ఉంది.

లింబాద్రి వచ్చిన కొత్తలో, ఒక గురువారం సాయంత్రం, సైట్‌లో మిగిలిపోయిన కాంక్రీటును మిక్సర్ లారీ డ్రైవర్ పఠాన్ దయతలచి వాదీలో దించిపోయాడు. కుర్రాళ్ళంతా కలిసి చెక్కలు బిగించి పరిచారు. మేస్త్రి అన్నవాడు లింబాద్రి ఒక్కడే గనక ఫినిషింగ్ అతనికి ఒప్పజెప్పారు. అతను మోకాళ్ళ మీద వెనక్కి జరుగుతూ, తాపీతో ఆ పలకను సాయంత్రపు ఆకాశంలా నునుపు చేశాడు. అప్పుడే కంపెనీ బస్సు హారన్ కొట్టింది. బస్సు పోతే రూమ్‌కు నడవాలి. కంగారులో పలకకు అడ్డంపడి పరిగెత్తాడు. మడమ దిగబడింది. మర్నాడు వచ్చి చూస్తే సముద్రం వైపు వికెట్ల ముందు, ఆఫ్ స్టంపుకు జానెడు బయట, ఒక గుంట. ఒక అంచు పైకి లేచి గట్టిపడి ఉంది.

మేస్త్రిగా అతనికి తల కొట్టేసినట్టయింది. ఎవరూ చూడకుండా కాలితో ఇసక నెట్టి కప్పాడు. ఆ మధ్యాహ్నం అతను వేసిన బంతి ఒకటి పొరపాటున అక్కడ పడింది. లేచిన అంచును తాకి లోపలికి తిరిగింది. జనం కేకలు వేశారు. లింబాద్రి తన కుడిచేతిని తనే ఆశ్చర్యంగా చూసుకున్నాడు.

అప్పటినుంచీ అతని శుక్రవారాలన్నీ అరచెయ్యంత ఆ గుంట చుట్టూ తిరిగాయి. పెద్ద తుఫాను వచ్చిన ఏడాది వాదీకి నిజంగానే తాను ఏరునని గుర్తొచ్చింది. రేకుల షెడ్డునూ, వికెట్లనూ, ఎవరిదో పాత కారునూ సముద్రానికి ఇచ్చేసింది. నీళ్ళు తీశాక లింబాద్రి చెప్పులు చేతపట్టుకుని బురదలో పరిగెత్తాడు. పలక ఉంది. గుంట కూడా ఉంది, నిండా నీళ్ళతో, అందులో ఒక చిన్న ఆకాశంతో. ఆట అయిపోయిన ప్రతిసారీ ఇసక నెట్టి దాన్ని కప్పేవాడు. తన గొప్పతనమూ తన సిగ్గూ ఒకే చోట ఉన్న మనిషి ఇంకేం చేస్తాడు?

లింబాద్రి వెళ్ళిపోతున్నాడని తెలియగానే గణపతికి సన్మానం ఆలోచన వచ్చింది. సన్మానమంటే శాలువా, మెమెంటో అందరూ ఇస్తారు. ఎవరూ ఇవ్వనిది ఇవ్వాలి. ఆ ఎవరూ ఇవ్వనిది ఏమిటో లింబాద్రికి చివరి శుక్రవారం పొద్దున్న, మనోహరం కారులో వాదీలోకి దిగుతుండగా కనబడింది. దూరంగా, రాళ్ళ మధ్య, ఆకుపచ్చగా ఏదో మెరుస్తోంది.

"మనోహరన్నా, గదేంది? గడ్డి మొలిసిందా?"

"వాదీలో గడ్డేంటి బాబూ. పెయింటు."

కొత్త పలక. చుట్టూ రిబ్బన్. పక్కన షామియానా, మైకు, కుర్చీలు, గణపతి కంపెనీ పేరున్న బ్యానర్. ఆ బ్యానర్ మీద గణపతి ఫోటో తలుపంత, లింబాద్రి ఫోటో తాళమంత.

"లింబన్నా! ఎట్లున్నది సర్‌ప్రైజు?" గణపతి తెల్లటి షూలతో ఎదురొచ్చాడు. "పాత స్లాబ్ మొత్తం బ్రేకర్ పెట్టి పగలగొట్టిచ్చిన. గుంటలు, పర్రెలు, ఛీ! నువ్వసొంటి బౌలర్ గసొంటి దాని మీద ఇన్నేండ్లు ఎట్లేసినవే? ఇగ సూడు. నీ పేరుమీద కొత్త పిచ్, అద్దం! మొఖం కనవడాలె."

ఒకప్పుడు లింబాద్రి అతన్ని "అరేయ్ గణపతీ" అని పిలిచేవాడు. ల్యాండ్ క్రూయిజర్ వచ్చాక సారు అనడం దానంతటదే వచ్చింది.

"మొత్తం... పగలగొట్టిన్రా సారూ?"

"రవ్వంత గూడ ఇడిసిపెట్టలే."

లింబాద్రి వంగి పలక అంచును చేత్తో తడిమాడు. మెషీన్‌తో చేసిన ఫినిషింగ్. ఎక్కడా చెయ్యి ఆగలేదు. అంత నున్నటి పని అతను జన్మలో చూడలేదు. మేస్త్రిగా కళ్ళమ్మట నీళ్ళు తిరిగేంత బాగుంది. బౌలర్‌గా కూడా నీళ్ళు తిరిగాయి.

"సార్, రాత్రి తేమకు పెయింట్ ఆరలేదు. ఇయ్యాల తొక్కొద్దు," అని గణపతి చెవిలో అతని సూపర్‌వైజర్ గొణిగాడు.

"ఫోటోల తడి కనవడ్తదా? కనవడదు గదా. పో, మైకు సూడు."

సభ మొదలైంది. దేవదాసు లింబాద్రికి ఉన్ని శాలువా కప్పాడు. ఎండ అప్పటికే కొండల భుజాల మీదికి ఎక్కింది. "లింబాద్రి గారి గురించి నేను చెప్పవలసింది ఎంతో ఉంది. నేను మస్కట్‌లో కాలు పెట్టిన రోజున..." అని మొదలుపెట్టిన ఆయన ఆ కాలుతోనే మత్రా, రువీ పేటలన్నీ తిరిగి, అధ్యక్ష పదవి చేరుకుని, అక్కడే కూర్చుండిపోయాడు. లింబాద్రి పేరు మళ్ళీ రాలేదు. యూట్యూబ్ ఆయన ఆ సన్మానానికి ముహూర్తం తానే పెట్టానని చెప్పి, ఛానల్ పేరు చెప్పాడు. అందరూ అయ్యాక, సర్పంచ్ ఆంజి పంపిన వీడియోను ఫోన్‌లో పెట్టి మైకుకు ఆనించారు.

"మా ఊరి సీసీ రోడ్లు మూడొంతులు పూర్తయినయని చెప్పనీకి సంతోషపడుతున్న," అన్నది ఆంజి గొంతు. "ఇగ లింబన్న సంగతి. వచ్చే నెల మన హైస్కూల్ గ్రౌండ్ల టోర్నమెంటు. ఫస్టు ఓవరు లింబన్నదే. పాముబంతి సూడనీకి చుట్టుపక్కల ఊర్లన్నీ ఒస్తయి. ఫ్లెక్సీ గూడ కట్టిచ్చిన. అన్నా, ఇజ్జత్ నీ చేతుల ఉన్నది!"

చప్పట్లు మోగాయి. శాలువా కింద లింబాద్రికి చలి పుట్టింది.

గణపతి మైకు లాక్కున్నాడు. "ఇప్పుడు లింబన్న తన పేరుమీది పిచ్ మీద ఆఖరి ఓవర్ ఏస్తడు. బ్యాటింగ్ నేనే చేస్త. ఇన్నేండ్లు ఒక్క టీంల ఉండబట్టి పాముబంతి ఆడే అదృష్టం నాకు కలగలే. అన్నా, దయ సూపియ్యకు!"

"సారూ, బుజం పట్టింది," అన్నాడు లింబాద్రి. "ఇయ్యాల ఒద్దు."

"చూశారా వినయం!" అన్నాడు దేవదాసు. మళ్ళీ చప్పట్లు.

తప్పించుకునే దారి లేదు. ఇవాళ బంతి తిరగకపోతే అందరూ చూస్తారు, ఫోన్లలో తీస్తారు. అది విమానం కన్నా ముందే ఊరు చేరుతుంది. ఇటుక మోసినప్పుడు వంగని నడుము ఇప్పుడు వంగినట్టనిపించింది. మనోహరం బంతి తెచ్చి చేతిలో పెట్టాడు.

"నువ్వేం కంగారుపడమాకు. రోజూ ఏసే చోటే ఎయ్యి."

"ఏ చోటన్నా?"

"నాకేం తెలుసు? నేను ఎనకమాల కూర్చునేవాణ్ణి," అని నవ్వి, గ్లవ్స్ తొడుక్కుంటూ వెళ్ళిపోయాడు.

లింబాద్రి కొండకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఎదురుగా పచ్చటి పలక, పాఠం రాని పిల్లవాడి మొహంలా ఖాళీగా ఉంది. గుంట ఉండిన చోటును కళ్ళు వెతికాయి. అక్కడ ఏమీ లేదు. అయినా చేతికి అదొక్కటే దారి తెలుసు. పరిగెత్తాడు. వేశాడు.

బంతి వెళ్ళి ఆ చోటే పడింది. పడి, బుద్ధిగా, నిటారుగా, ఆఫ్ స్టంపు పక్కనుంచి మనోహరం చేతుల్లోకి వెళ్ళిపోయింది. ఒక వెంట్రుక కూడా తిరగలేదు.

కానీ గణపతి పాముబంతి కథ చెప్పీ చెప్పీ, అది ఎక్కడ పడి ఎటు తిరుగుతుందో నిద్రలో కూడా చెప్పగలిగినవాడు. బంతి బయట పడగానే, అది లోపలికి వచ్చేసిందనుకుని, తన కాళ్ళ పక్కన గాలిని బలంగా కొట్టాడు. బ్యాటు ఇటు పోయింది, బంతి అటు పోయింది. లింబాద్రి కళ్ళు మూసుకున్నాడు.

"అబ్బబ్బబ్బ!" మైకులో దేవదాసు గొంతు పగిలింది. "ఏం తిప్పాడండీ! ఉల్టా! బయటికి తిప్పాడు!"

వాదీ దద్దరిల్లింది. బ్యాటుకూ బంతికీ మధ్య ఉన్న దూరమంతా జనానికి బంతి తిరిగిన దూరంలా కనబడింది. రెండో బంతీ అక్కడే పడి, నిటారుగానే వెళ్ళింది. గణపతి ఇంకా లోపలికి ఆడాడు. మూడో దానికి దాదాపు తన నీడను కొట్టాడు. "రిటైరయ్యే రోజున కొత్త బంతి కనిపెట్టాడు!" అన్నాడు దేవదాసు. శని రాహువుతో కలిశాడని యూట్యూబ్ ఆయన ముందు వరసవాళ్ళకు వివరించాడు. లింబాద్రి మాత్రం ప్రతి బంతికీ చెమటతో ఇంకాస్త చిన్నవాడైపోతూ, వెనక్కి నడిచి, మళ్ళీ వస్తున్నాడు.

ఆఖరి బంతి మిగిలింది. గణపతి తెల్ల షూల అడుగులు పచ్చబడ్డాయి. అతను బ్యాటు పైకెత్తి జనానికి చూపించాడు. "నాకు సమజైంది! బాల్ బయటికి పోతున్నది. ఇగ సూడున్రి!" అని రెండడుగులు జరిగి, వికెట్లన్నీ వదిలేసి, సరిగ్గా ఆ జానెడు బయట నిలబడ్డాడు.

లింబాద్రికి అంతా కనబడింది. రోజూ వేసే చోట వేస్తే బంతి నేరుగా బ్యాటు మీదికి పోతుంది. అక్కడినుంచి తెల్లటి ఇళ్ళ మీదుగా సముద్రంలోకి, తన పేరును కూడా వెంటబెట్టుకుని. ఇన్నేళ్ళలో మొదటిసారి అతను ఆ చోటును చూడడం మానేశాడు. మూడు పుల్లలకేసి చూశాడు. వికెట్లు అక్కడ ఉంటాయన్న సంగతే ఇన్నాళ్ళూ తనకు అంతగా పట్టలేదనిపించింది. చెయ్యి ఎటు పోవాలో తెలియక ఒక్క క్షణం గాలిలో తడబడింది. బంతి దారి లేని చోట దారి చేసుకున్నట్టు సూటిగా వెళ్ళి మధ్య వికెట్‌ను పడగొట్టింది.

గణపతి ముందు బ్యాటు వంక చూసుకున్నాడు. తరవాత ఆకాశం వంక. తన పనివాళ్ళు, తన ఫోటోగ్రాఫర్, తన బ్యానర్ చూస్తుండగా, ఒక ముసలి మేస్త్రి వేసిన తిన్నని బంతికి తాను అవుటవడం అన్నది జరిగే పని కాదు. కాబట్టి జరగలేదు.

"మూరెడు!" అని అరిచాడు. "మూరెడు తిరిగింది! నా కండ్లతోని సూసిన!"

"మూరెడు కాదు సార్, రెండు మూరలు," అన్నాడు సూపర్‌వైజర్, ఉద్యోగం మీద భక్తితో.

జనం లింబాద్రిని భుజాల మీదికి ఎత్తుకున్నారు. దించాక మైకు ఇచ్చారు. ఆ మైకును అతను వేడి గిన్నెలా పట్టుకున్నాడు. పేరు దక్కింది. ఊరుకుంటే సరిపోయేది. కానీ అంత నున్నటి పలక మీద నిలబడి అబద్ధం మొయ్యడం మేస్త్రికి చేతకాలేదు.

"అన్నలారా, తిరగలే. సీదా వొచ్చింది. పాత స్లాబ్‌ల ఒక గుంట ఉండె. నా మడిమ దిగవడి అయింది. గా గుంటల పడ్డందుకే గిన్నేండ్లు తిరిగింది. నా చేతుల ఏం లేదు."

నవ్వులు కొండల దాకా వెళ్ళి తిరిగొచ్చాయి.

"గుంటనంట!" గణపతి కళ్ళు తుడుచుకున్నాడు. "గుంటుంటే ఇన్నేండ్లు పక్కనే నిలవడ్డ నాకు కనవడదా? ఏం జోకులే నీయి!"

"ఇదీ సంస్కారం అంటే," అన్నాడు దేవదాసు. అద్దాల పెట్టెలో బంగారు రంగు కాఫీ కూజా ఒకటి లింబాద్రి చేతుల్లో పెట్టి ఫోటో తీయించుకుని, ఇంకో సన్మానం ఉందని వెళ్ళిపోయాడు. బిర్యానీ వాసన వచ్చింది. జనమంతా షామియానా వైపు కదిలారు.

పలక దగ్గర ఇద్దరే మిగిలారు.

"చెప్పిన గదన్నా," అన్నాడు లింబాద్రి. "ఎవ్వరు ఇనరు."

"విన్నాగా నేను. నాకు కొత్త సంగతైతే కాదు."

"నీకెరికేనా?"

"నీ ఎదురుగా కూర్చునేవాణ్ణి, కళ్ళు మూసుకుని కూర్చుంటానా? నువ్వు ఇసక కప్పిపోయేవాడివి. మళ్ళీ శుక్రవారం ముందొచ్చి దాన్ని ఊదేది ఎవరనుకున్నావ్?"

లింబాద్రి ఏదో అడగబోయాడు. మనోహరం అతని భుజం పట్టుకుని సముద్రం వైపు వికెట్ల ముందుకు నడిపించాడు. "అయన్నీ తరవాత. ఇది చూడు ముందు."

తడి పెయింటు మీద బంతి పడ్డ చోట పచ్చరంగు లేచిపోయి బూడిదరంగు కాంక్రీటు బయటపడింది. వికెట్లకు తిన్నగా ఒక మచ్చ ఉంది, ఒంటరిగా. అది ఆఖరి బంతిది. ఆఫ్ స్టంపుకు జానెడు బయట ఇంకొక మచ్చ ఉంది. అదొక్కటే. మిగతా ఐదు బంతులూ పడ్డ చోటు. దాని మీద అరచెయ్యి పెడితే మూసుకుపోతుంది.

లింబాద్రి మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు దాన్నే చూశాడు. ప్లాస్టరింగ్ చూసినట్టు, తల అటూ ఇటూ వంచి చూశాడు.

"గుంట లేదు గదన్నా," అన్నాడు మెల్లగా. "మరి ఈడనే ఎందుకు పడ్డయి?"

"అదేగా నేనూ అడిగేది," అన్నాడు మనోహరం.

షామియానా దగ్గర గణపతి కేక వినబడింది. "అరేయ్, పిచ్ మీద గా మచ్చలేందిరా! డ్రోన్ ఫోటో తియ్యాలె. బ్రష్ తేండి!" అప్పుడే రోడ్డు మీద, రూమ్‌కు తీసుకుపోయే కంపెనీ బస్సు హారన్ కొట్టింది. లింబాద్రి అలవాటుగా లేచాడు. అలవాటుగానే పలక పక్కనున్న ఇసకను కాలితో నెట్టి ఆ మచ్చను కప్పాడు. నెట్టాక గానీ తానేం చేశాడో అతనికి తెలియలేదు. తడి పెయింటు ఇసకను పట్టేసుకుంది. మనోహరం బొటనవేలితో రుద్ది చూశాడు. ఊడి రాలేదు. ఒక పక్క అంచు కొంచెం లేచింది కూడా.

"ఓరి నీ... గరుగ్గా ఉంది బాబూ. మళ్ళీ మొదలెట్టావా?"

"ఆరితే ఇంకింత గరుకైతది," అన్నాడు లింబాద్రి. మేస్త్రి గొంతుతో.

"అయితే వచ్చే శుక్రవారం ఇంకెవడో పాముబంతి ఏసి పేరు తెచ్చుకుంటాడన్నమాట."

లింబాద్రి శాలువా తీసి మనోహరం భుజాన వేశాడు, మోయలేక. కూజా పెట్టె చంకలో పెట్టుకున్నాడు. బస్సు మళ్ళీ హారన్ కొట్టింది. ఈసారి పరిగెత్తలేదు. పలక అంచు పక్కన రాళ్ళ మీద జాగ్రత్తగా అడుగులు వేస్తూ నడిచాడు.

"తెచ్చుకోనీయన్నా," అన్నాడు వెనక్కి చూడకుండా. "ప్రతిసారి ఆడనే పడెయ్యొస్తె."